నేయని నార: కోనసీమ కొబ్బరిపీచు, సూదిపొర కొలతల చరిత్ర

వ్యాససంగ్రహం

మగ్గం లేకుండా, నారను చిక్కుపరచి, ముళ్ల సూదులతో గుచ్చి తయారుచేసే పొరల భౌతిక ధర్మాలను లెక్కగట్టే శాస్త్రం ఇరవయ్యో శతాబ్దంలో రూపొందింది. గోదావరి డెల్టాలో ఆ పొరకు ముడిసరుకూ ఉంది, అవసరమూ ఉంది. ఆ శాస్త్రచరిత్రను కోనసీమ కొబ్బరిపీచు వైపు నుంచి పరిశీలించి, ‘భూవస్త్రం’ అనే ఒకే మాట కింద రెండు భిన్న వస్తువులు కలిసిపోవడం వల్ల ఏర్పడిన గందరగోళాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కొబ్బరిపీచు, కోనసీమ, నేయని వస్త్రం, సూదిపొర, జియోటెక్స్‌టైల్, వృత్తిపదాలు

ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశాలలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వం వహించిన వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. పడుగు, పేక, ఆసు, కండె, పన్నె వంటి మాటల వెనుక ఉన్న వృత్తిజ్ఞానం పండితలోకం దృష్టికి వచ్చింది ఈ రెండో సంపుటంతోనే. దాని పరిధి సహజంగానే మగ్గం. నారను దారంగా వడకకుండా, దారాన్ని బట్టగా నేయకుండా, చిక్కుగానే ఉంచి వాడుకొనే పద్ధతులు ఆ పరిధికి వెలుపలివి.

భాష కూడా మగ్గం పక్షమే వహించింది. రెండు విషయాలు విడదీయలేనంతగా కలిసి ఉంటే పడుగుపేకల్లా ఉన్నాయంటారు. అదే నార క్రమం తప్పి పెనవేసుకుంటే చిక్కు అంటారు. చిక్కంటే కష్టం, చిక్కంటే తగవు, చిక్కంటే తెగని సమస్య. పలచనిది గట్టిపడడాన్ని ‘చిక్కబడడం’ అనేదీ ఈ భాషే. వ్యుత్పత్తి విచారం అటుంచితే, ఈ రెండర్థాలూ ఒకేచోట కలిసే వస్తువు ఒకటుంది. వదులుగా పరచిన నారపై వేలాది ముళ్ల సూదులు పదేపదే దిగి లేస్తాయి. నార చిక్కుపడుతుంది, చిక్కుపడినకొద్దీ పొర చిక్కబడుతుంది. జిగురు లేకుండా, కుట్టు లేకుండా, ఒక నారకు మరొక నారకు మధ్య ఉండే రాపిడి ఒక్కటే దానిని నిలబెడుతుంది. ఇంగ్లీషులో నాన్‌వోవెన్ అని పిలిచే వస్త్రజాతిలో ఇదొక శాఖ. దుకాణాల్లో ప్లాస్టిక్ సంచులకు బదులుగా వచ్చిన పలచని సంచులూ ఆ జాతివే గాని, వాటిని సాధారణంగా వేడితో అతికిస్తారు. సూదులతో కూర్చిన దానిని ఈ వ్యాసంలో ‘సూదిపొర’ అని వ్యవహరించడమైంది.

డొక్క నుంచి పీచు

గోదావరి పాయల నడుమ, సముద్రానికి ఆనుకొని ఉన్న కోనసీమలో కొబ్బరి పని పేర్లు కాయ చుట్టూనే తిరుగుతాయి. చెట్టెక్కి కాయ దించేవారు దింపు కార్మికులు. నేలలో నిలువుగా పాతిన గునపం మొనపై కాయను గుచ్చి డొక్క తీసేవారు ఒలుపు కార్మికులు. అంబాజీపేట మార్కెట్లో ధర పలికేది కాయకు, కురిడీకి, ఎండుకొబ్బరికి. డొక్క చాలాకాలం పొయ్యిలోకి, ఇటుకబట్టీలోకి పోయింది. అందులోంచి తీసిన పీచుతో తాళ్లు పేనడం, అంట్లు తోమడం ఇంటి పనుల కింద జమపడ్డాయి. వాటిని ఎవరూ విద్యగా లెక్కించలేదు.

కేరళలో పచ్చి డొక్కను ఉప్పుకలిసిన కాలువనీటిలో నెలల తరబడి నానబెట్టి తెల్లపీచు తీసే సంప్రదాయం ఉంది. కోనసీమలో ప్రధానంగా తీసేది ఎండుకాయ డొక్క నుంచి యంత్రం మీద విడదీసిన గోధుమరంగు పీచు. సూదిపొర వైపు నుంచి చూస్తే ఈ తేడా చిన్నది కాదు. తెల్లపీచు మెత్తన, వడకడానికి లొంగుతుంది. గోధుమరంగు పీచు బిరుసు, వంచితే తిరిగి లేస్తుంది. వడికే చేతికి అది లోపం. పరుపుకు, పొరకు అదే గుణం. కొబ్బరిపీచులో లిగ్నిన్ 40 శాతానికి పైగా ఉంటుంది. పత్తిలో అది దాదాపు లేనే లేదు. ఈ లిగ్నిన్ వల్లనే పీచు నీటిలో త్వరగా కుళ్లదు. దీనివల్లనే పొడిగా ఉన్నప్పుడు పెళుసుగానూ ఉంటుంది. తాడు పేనే స్త్రీలు ముందుగా పీచుపై నీళ్లు చిలకరించడం ఈ పెళుసుతనాన్ని ఎరిగి చేసే పనే. ఏ సమీకరణమూ లేకుండా తెలిసిన భౌతిక ధర్మమది.

పీచును నేయకుండా వాడడం తీరానికి కొత్త కాదు. కోరమండల్ తీరపు మసూలా పడవలకు మేకులుండవు. పలకను పలకతో కొబ్బరితాడుతో కుట్టేవారు. ఆ కుట్టు కింద, పలకల అతుకు వెంట గడ్డినో పీచునో కూరేవారు. అలల దెబ్బకు పడవ వంగితే పలకలు విరగకుండా, అతుకులోంచి నీరు ఉరవడిగా రాకుండా చూసేది ఈ కూరిన పదార్థమే. అది నొక్కుకోవాలి, తిరిగి లేవాలి, నీటిని అడ్డుకోవాలి. సూదిపొర మీద నేటి ప్రయోగశాలలు అడిగే మూడు ప్రశ్నలూ ఇవే. ప్రకృతిలోనే దీనికొక నమూనా ఉంది: కొబ్బరిమట్ట మొదలును చుట్టుకొని ఉండే జల్లెడలాంటి పొర. చూపుకు నేసిన గోనెలా ఉంటుంది గాని, దానిని ఏ మగ్గమూ నేయలేదు.

స్వాతంత్ర్యానంతరం పీచు ప్రభుత్వ విధానంలోకి వచ్చింది. 1953 నాటి కాయర్ పరిశ్రమ చట్టం కింద కాయర్ బోర్డు ఏర్పడింది. 1959లో అలప్పుళ సమీపాన కలవూరులో కేంద్ర కాయర్ పరిశోధన సంస్థ మొదలైంది. బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంది. 1994లో వచ్చిన మహిళా కాయర్ యోజన మోటారు రాట్నాలను స్త్రీల ఇళ్లకు చేర్చే ఉద్దేశంతో రూపొందింది. ఈ కార్యక్రమాలన్నిటిలో తాడుకే పెద్దపీట. పొర గురించి, పొర కొలతల గురించి జరిగిన ఆలోచన చాలావరకు కలవూరులోనో ఢిల్లీలోనో జరిగింది. డెల్టాకు దక్కిన పాత్ర పీచు పంపే ప్రాంతంగానే.

తలకిందులైన గాలం

సూదులతో పొర కూర్చే యంత్రం పంతొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో ఇంగ్లండులో, ముఖ్యంగా లీడ్స్ పరిసరాల్లో ఎదిగింది. దాని పుట్టుకకు కారణం ముతక నార. ఉన్నిని వేడినీటిలో మర్దించితే దానంతటదే పెనవేసుకుని ఫెల్ట్ అవుతుంది. ఉన్ని వెంట్రుకపై ఉండే పొలుసులు ఒకదానినొకటి పట్టుకుంటాయి. జనపనారకు, కొబ్బరిపీచుకు, గుర్రపు వెంట్రుకల వ్యర్థాలకు ఆ గుణం తగినంత లేదు. వాటిని బలవంతాన చిక్కుపరచాలి. అందుకే సూది. అంటే నేడు సింథటిక్ నారతో ముడిపడి కనిపించే ఈ ప్రక్రియ మొదట కొబ్బరిపీచు వంటి వాటికోసమే పుట్టిందన్నమాట. కోనసీమ నుంచి చూసేవారికి ఇది గమనించదగిన విషయం.

సూది పనిని గోదావరి తీరవాసికి గాలంతో పోల్చి చెప్పవచ్చు. గాలపు ముల్లు చేప నోట్లోకి సులువుగా దిగి, వెనక్కి లాగినప్పుడు పట్టుకుంటుంది. సూదిపొర యంత్రపు ముల్లు దీనికి తలకిందులు. దిగేటప్పుడు పైనున్న నారను పట్టుకొని పొర లోతుకు తీసుకుపోతుంది, లేచేటప్పుడు అక్కడే వదిలేసి వస్తుంది. అడ్డంగా పడుకున్న నారల్లో కొన్ని ఇలా నిలువుగా మారి పొరను పైనుంచి కిందికి బిగిస్తాయి. చదరపు సెంటీమీటరుకు ఎన్ని పోట్లు, ఒక్కొక్కటి ఎంత లోతు అన్న రెండు సంఖ్యలపై పొర మందం, బలం, నీటిని వదిలే తీరు ఆధారపడతాయి.

చిక్కును లెక్కించడం

మగ్గం బట్టను లెక్కించడం సులభం. అంగుళానికి ఇన్ని పోగులని చెప్పగానే సగం సంగతి తెలుస్తుంది. చిక్కుకు పోగుల లెక్క లేదు. ఏ రెండు చోట్లా అది ఒకేలా ఉండదు. కనుక దాని శాస్త్రం సగటులతో మొదలైంది.

మొదటి సగటు చాలా సరళం. ఒక చదరపు మీటరు వైశాల్యం, ఒక సెంటీమీటరు మందం, ఒక కిలో బరువు గల కొబ్బరిపీచు పొరను ఊహిద్దాం. కొబ్బరిపీచు సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 1.15 గ్రాములు అనుకుంటే, ఆ పొరలో పీచు ఆక్రమించే చోటు వందలో 9 పాళ్లకు మించదు. మిగిలిన 91 పాళ్లూ గాలి. చేతికి బరువుగా, గట్టిగా తగిలే వస్తువులో ఎక్కువ భాగం ఖాళీయే. సూదిపొర ధర్మాలన్నీ ఈ ఖాళీ ధర్మాలే అనడం అతిశయోక్తి కాదు.

రెండో ప్రశ్న: నొక్కితే ఏమవుతుంది? 1946లో సి.ఎం. వాన్ వైక్ ఉన్ని సంపీడనంపై రాసిన చిన్న వ్యాసం ఈ రంగానికి పునాది. ఒక నార మరొక నారను తాకే రెండు బిందువుల మధ్య ముక్కను ఆయన రెండు స్తంభాలపై ఆనిన దూలంగా భావించాడు. పొరను నొక్కినకొద్దీ తాకే బిందువులు పెరుగుతాయి, స్తంభాల మధ్య దూరం తగ్గుతుంది, దూలం వంగడం కష్టమవుతుంది. దీనినిబట్టి, వదులుగా ఉన్న నారను రెట్టింపు సాంద్రతకు నొక్కాలంటే సుమారు ఎనిమిది రెట్ల ఒత్తిడి కావాలి. పీచు పరుపుపై కూర్చున్నప్పుడు మొదట మెత్తగా దిగి తర్వాత గట్టిగా ఆగిపోవడం అందరికీ అనుభవమే. ఆ అనుభవానికి గణితం ఈ ఘనసూత్రం. వాన్ వైక్ నారల దిశను పట్టించుకోలేదు, రాపిడినీ పట్టించుకోలేదు. సూదిపోటు తిన్న పొరలో నిలువు నారలుంటాయి కనుక ఆ సూత్రం యథాతథంగా పనికిరాదు. 1977లో కొమొరి, మకిషిమా నారల దిశనుబట్టి తాకే బిందువులను లెక్కించే పద్ధతి చూపిన తర్వాతే ఈ లోటు కొంత తీరింది.

బలం విషయంలో ఫలితం మరింత ఆసక్తికరం. 1960లో బాకర్, పెటర్సన్ నేయని వస్త్రం ఏ దిశలో ఎంత లాగుడుకు నిలుస్తుందో నారల దిశల నుంచి అంచనా వేశారు. అదే దశాబ్దంలో మాంచెస్టరులో హర్ల్ బృందం సూదిపొరలపై వరుస అధ్యయనాలు చేసింది. పోట్లు పెంచినకొద్దీ పొర బలం పెరుగుతుంది; ఒక హద్దు దాటాక తగ్గుతుంది. అక్కడి నుంచి సూది నారను చిక్కుపరచడం మాని తెంచడం మొదలుపెడుతుంది. కొబ్బరిపీచు వంటి పెళుసు నారకు ఈ హద్దు త్వరగానే వస్తుందని ఊహించడం సహజం. తాడు పేనే స్త్రీ చిలకరించే నీళ్లు ఇక్కడ మళ్లీ గుర్తుకు రావాలి: తేమ మారితే ఆ హద్దూ మారుతుంది. ప్రామాణిక సమీకరణాల్లో తేమకు చోటు తక్కువ. కోనసీమ గాలిలో మాత్రం ఎప్పుడూ ఎక్కువే.

ఇసుక మీద నీటి కట్టడాలు

డెల్టాకు ఈ లెక్కలతో పనేమిటన్న ప్రశ్నకు సమాధానం ధవళేశ్వరంలో మొదలవుతుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా నదిని దాటింది. దానికి కింద రాయి లేదు, ఇసుక ఉంది. ఇసుకపై ఆనకట్ట నిలుస్తుందన్న ధైర్యాన్ని కాటన్ కావేరి మీది ప్రాచీన కల్లణై నుంచి నేర్చుకున్నాడు. ఇటువంటి కట్టడానికి ప్రమాదం పైనుంచి వచ్చే వరద ఒక్కటే కాదు, అడుగున పారే ఊట కూడా. ఊట నీరు తనతో ఇసుక రేణువులను తీసుకుపోవడం మొదలుపెడితే కట్టడం కింద బొరియ ఏర్పడుతుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. వరదగట్టుకూ, కాలువగట్టుకూ, లంకభూముల ఒడ్డుకూ సూత్రం ఇదే. 1986 ఆగస్టు వరదల్లో గోదావరి గట్లపై జరిగిన పోరాటం కూడా దీని కోసమే. గండి పడే చోట సరుగుడు బాదులు పాతి, ఇసుక బస్తాలు పేర్చడం డెల్టా గ్రామాలకు తరతరాలుగా తెలిసిన పని. ఇసుక బస్తా చేసే పనేమిటి? నీటిని వడగట్టి, ఇసుకను పట్టి ఉంచడం. గోనె పోగుల సందు నీటికి దారి, ఇసుకకు అడ్డు.

ఈ పాత్రను బట్టకు అప్పగించడం ఆధునిక నిర్మాణశాస్త్రంలో మరొక డెల్టాతో ముడిపడి ఉంది. 1953 నాటి వరద విషాదం తర్వాత నెదర్లాండ్స్ చేపట్టిన డెల్టా పనుల్లో, అంతకుముందు విల్లో కొమ్మలతో అల్లి నీటి అడుగున పరిచే చాపల స్థానాన్ని క్రమంగా సింథటిక్ బట్ట ఆక్రమించింది. 1958లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో రాతికట్టడం కింద నేసిన ప్లాస్టిక్ బట్టను వడపోతగా పరిచారు. 1970లో ఫ్రాన్సులోని వాల్‌క్రో మట్టి ఆనకట్టలో సూదిపొరను వడపోతగా వాడారు. ఆ నిర్మాణంతో సంబంధమున్న జె.పి. జిరూ తర్వాతి కాలంలో సూదిపొర రంధ్ర పరిమాణాన్ని నార వ్యాసం, ఖాళీ శాతం, పొర మందం నుంచి లెక్కగట్టే సూత్రాన్ని ఇచ్చాడు.

డెల్టాలోనూ ప్రయోగాలు జరిగాయి. 1990లలో కాకినాడ ఓడరేవుకు వెళ్లే దారి విస్తరణలో మెత్తని సముద్రపు బంకమట్టిపై జనపనార జియోటెక్స్‌టైల్ పరిచారు. ఐఐటీ ఢిల్లీలో పనిచేసిన జి. వెంకటప్పరావు, కె. బాలన్ సంపాదకత్వంలో కొబ్బరిపీచు జియోటెక్స్‌టైల్స్‌పై ఒక గ్రంథం 2000లో వచ్చింది. 2020లో ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన మూడో దశ కింద ఏడు రాష్ట్రాల్లో 1674 కిలోమీటర్ల గ్రామీణ రోడ్లకు కొబ్బరిపీచు జియోటెక్స్‌టైల్ వాడాలని నిర్ణయించారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164, తెలంగాణ వాటా 121 కిలోమీటర్లు.

ఒకే పేరు, రెండు వస్తువులు

కేరళలో ఈ వస్తువుకు ‘భూవస్త్ర’ అన్న పేరు పెట్టారు. తెలుగులో భూవస్త్రం అనవచ్చు, మాట బాగుంది. చిక్కు ఆ మాటలోనే ఉంది. మన రోడ్ల కింద, గట్ల మీద భూవస్త్రం పేరిట ఎక్కువగా పరుస్తున్నది పీచుతాడుతో నేసిన వల, అంటే పడుగూ పేకా ఉన్న బట్ట. దానికి తాడు మందం, కన్ను వెడల్పు తెలిస్తే చాలు. సూదిపొర ధర్మాలు వేరు, లెక్కలు వేరు. వస్త్రం అన్న మాట వినగానే మగ్గం మనసులో మెదిలే భాషలో ఈ రెండింటి తేడా సులువుగా మరుగున పడుతుంది. అలా మరుగున పడడం వల్ల ఒడ్డు మీద ఏమి జరగవచ్చో జిరూ సూత్రంతో చూడవచ్చు.

పైన ఊహించిన సెంటీమీటరు మందపు కొబ్బరిపీచు పొరనే తీసుకుందాం. కొబ్బరిపీచు వ్యాసం సాధారణంగా 0.1 నుంచి 0.45 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 0.25 అనుకుంటే, ఆ పొర రంధ్రం సుమారు 1.2 మిల్లీమీటర్లని తేలుతుంది. అదే 91 శాతం ఖాళీతో, 0.03 మిల్లీమీటర్ల సన్నని సింథటిక్ నారతో, మూడు మిల్లీమీటర్ల మందంతో చేసిన పొర రంధ్రం సుమారు 0.1 మిల్లీమీటరు. సింథటిక్ నారకోసం రూపొందిన సూత్రాన్ని ముతక పీచుకు వర్తింపజేయడంలో కొంత సాహసం ఉన్నమాట నిజమే. అయినా పన్నెండు రెట్ల తేడా కొట్టివేయదగింది కాదు. గోదావరి ఒండ్రులో సన్నని ఇసుక, అంతకన్నా సన్నని మట్టి ఉంటాయి. వాటి రేణువులు మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. కొబ్బరిపీచు పొరను ఒంటరిగా రాతికట్టడం కింద వడపోతగా పరిస్తే ఆ రేణువుల్లో చాలావరకు జారిపోతాయి. బరువు వేసి నొక్కినా పెద్దగా లాభం లేదు. పొర మందం సగానికి కాస్త తక్కువై, ఖాళీ 80 శాతానికి దిగినా రంధ్రం ఇంకా 0.85 మిల్లీమీటరు దగ్గరే ఉంటుంది. ఖాళీ ఒకేలా ఉన్నప్పుడు నీరు పారే సౌలభ్యం నార వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, కొబ్బరిపీచు పొర ఆ సన్ననార పొరకన్నా దాదాపు 70 రెట్లు సులువుగా నీటిని వదులుతుంది. అంటే నీటిని పోనివ్వాలన్న సగం సూత్రాన్ని అది అద్భుతంగా పాటిస్తుంది. మట్టిని ఆపాలన్న రెండో సగమే దాని చేతిలో లేదు.

ఇది కొబ్బరిపీచును తక్కువ చేసే ఫలితమని అనుకోనక్కర లేదు. దానిని ఎక్కడ పరచాలో చెప్పే ఫలితం. వాన చినుకు దెబ్బకు, పైనుంచి జారే నీటికి గట్టు వాలు కోసుకుపోకుండా చూడడం వేరే పని. అక్కడ పొర మట్టికి పైన ఉంటుంది. చినుకు వేగాన్ని తాను తీసుకోవాలి, నీటి పరుగును నెమ్మదింపజేయాలి, తేమను నిలపాలి, గడ్డి వేరుకు దారి ఇవ్వాలి. తొంభై పాళ్ల ఖాళీ, ముతక నార, తేమను పట్టే గుణం ఇక్కడ మూడూ కలిసివస్తాయి. మెత్తని నేలపై రోడ్డు వేసేటప్పుడు కంకర మట్టిలోకి దిగబడకుండా ఆపడం మరో పని. అక్కడ లాగుడు బలం ముఖ్యం కనుక నేసిన బట్టకే మొగ్గు. ఒడ్డున రాళ్ల కింద వడపోత కావాలంటే కొబ్బరిపీచుకు సన్ననార పొర తోడు కావాలి. కోతకు గురవుతున్న లంకల ఒడ్డున ఈ మూడు పనులూ కొన్ని గజాల దూరంలోనే ఎదురవుతాయి. కొనుగోలు కాగితంలో మాత్రం మూడింటికీ ఒకటే పేరు.

పరిశోధన ఇంకా పట్టుచిక్కించుకోవలసిన అంశం కాలం. వాన్ వైక్ దూలం కుళ్లదు. జిరూ నార సన్నబడదు. కొబ్బరిపీచు రెండు మూడేళ్ల నుంచి అయిదేళ్ల దాకా మట్టిలో బలాన్ని క్రమంగా కోల్పోతూ ఉంటుంది. గట్టు వాలు మీద వట్టివేరు, గరిక పాతుకొనే కాలమూ దాదాపు అంతే. పొర బలం తగ్గే గీత, వేరు బలం పెరిగే గీత ఎక్కడ కలుస్తాయన్నది అసలు ప్రశ్న. ఆ గీతలు గీయడానికి కావలసినవి అలప్పుళ పీచు కొలతలు కావు. అంబాజీపేట చుట్టుపక్కల డొక్క నుంచి తీసిన పీచు వ్యాసాలు, దాని తేమ, గోదావరి ఒండ్రులో ఒక వానాకాలం, రెండు వానాకాలాలు గడిచాక మిగిలిన దాని బలం కావాలి. వాటితోపాటు, ఏ పీచు పెళుసో ఏ పీచు లొంగుతుందో వేళ్లతో తడిమి చెప్పగల తాడు పేనే స్త్రీల మాటలు కూడా.